ఊకొట్టొద్దన్న మేడం

తొలకరి పడి కరెంటు ప్లాంటు బూడిద తడిసినప్పుడు మా యరమరస్ గాలిలో ఒక వాసన వస్తుంది, కాలిన మట్టిలా. అది తగిలితే చాలు, ఎదురుగా ఉన్న పొగగొట్టం నాకు కనిపించదు. రాయచూరు బజారులో బట్టల దుకాణం మీది గది, కిటికీలోంచి వాలిన ఎండ, అందులో తేలే దూది నలుసులు, వాటి మధ్య సరోజ మేడం గొంతు కలలోలాగా వస్తాయి. ప్లాంటు కడుతున్న రోజుల్లో ఆవిడ మాకు జర్మన్ నేర్పారు. టర్బైను బిగించడానికి వచ్చిన జర్మన్ ఇంజనీర్ల పక్కన పనిచేయాలంటే ఆ భాష రావాలన్నారు. తట్టలు మోసిన నా చేతులకు ఆ పని కావాలి.

మొదటిరోజే ఆవిడ జర్మన్‌లో ఏదో చెబుతూ పోయారు. నేను తలూపుతూ ‘ఊ, ఊ’ అన్నాను.

“ఏమర్థమైంది నర్సింహా?”

“ఏం కాలే మేడం.”

“మరి ఊకొడ్తివేంది?”

“పెద్దోళ్లు చెప్తుంటే ఊకొట్టాలె గద. లేకుంటే ఇంటలేడనుకుంటరు.”

“ఇంట్ల ఊకొట్టు. వాల్వు కాడ కొడితే, సరే అన్నవనుకొని ఇంజనీరు ఆవిరి వదుల్తడు. మనుషులు పోతరు.”

ఆ రోజు నుంచి నాకు జర్మన్‌లో ఒకటే వాక్యం: అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి. ఊకొట్టడం మానేదాకా రెండోది ఇవ్వనన్నారు. మిగతావాళ్లు అంకెలు, కొలతలు, పనిముట్ల పేర్లు దాటిపోయారు. సింధనూరు దగ్గర ఆంధ్రా రైతుల క్యాంపు నుంచి వచ్చే ప్రసాదు, “ఏంట్రా, నీకింకా అర్థం కాలేదా?” అని నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తే. మొండిగా గోడవార కూర్చుని వాళ్ల పాఠాలన్నీ విని నేర్చుకున్నాను.

అయినా ప్లాంటుకు వెళ్లే మొదటి జట్టులో మేడం నా పేరు పంపలేదు. అడగడానికి మెట్లెక్కాను.

“ప్రసాదు కంటె నేనేం తక్కువ మేడం?”

“భాషల ఏం తక్కువ లేవు. ఆడ తప్పైతే పోయేది నీ నౌకరీ ఒక్కటే కాదు. ఇంటున్నవా?”

“ఊ” అన్నాను.

ఆవిడ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు. నేను నవ్వలేదు. మెట్లు దిగి వచ్చేశాను.

రెండో జట్టులో పంపారు. హోరులో ఇంజనీరు వాల్వు చూపించి ఏదో అన్నాడు. గొంతుదాకా వచ్చిన ‘ఊ’ను మింగి, నా వాక్యం చెప్పాను. మళ్లీ చెప్పాడు. మళ్లీ అడిగాను. వెనక నుంచి సూపర్‌వైజరు, “అరే, హా బోల్ నా!” అని, సరే అనేయమని అరిచాడు. నేను అనలేదు. ఇంజనీరు దగ్గరికొచ్చి నెమ్మదిగా, విడివిడిగా చెప్పాడు. తెరవమని కాదు, తాను చెయ్యెత్తేదాకా ముట్టుకోవద్దని. గొట్టం అవతల మనుషులు ఇంకా పనిలోనే ఉన్నారు. మర్నాటి నుంచి ఆయన నన్నే పిలిచేవాడు.

మేడంకు చెప్పాను.

“ఎన్నిసార్లడిగినవ్?”

“ఆయన ఇసుక్కునేదాక.”

“మంచిగైంది. రేపు రా, రెండో వాక్యం చెప్త.”

ఇప్పుడు బ్యాంకులోనో ఆసుపత్రిలోనో ఎవరైనా గబగబా చెప్పి పంపించబోతే, నేను కదలను. అర్థం కాలేదు, మళ్లీ చెప్పండంటాను. మొండోడంటారు, అననీ. మేడం పోయి చాలా కాలమైంది. మొదటి జట్టు సంగతి మాత్రం నేను మరవలేదు. ఆవిడ ఉంటే ఈ రోజుకీ మెట్లెక్కి, ఎందుకు పంపలేదో మళ్లీ చెప్పమనేవాణ్ణి. అర్థం కాక కాదు, ఆ గొంతుతో ఇంకోసారి వినాలని.