అంచు నుంచి మూడో పోగు

మా చిన్నప్పుడు... ఏటి ఒడ్డున దలా ఊళ్ళో మా ఇంటి నడిమి గుంజకి ఎప్పుడూ ఒక మగ్గం కట్టి ఉండేది. గుంటలో కాళ్ళు పెట్టి తొక్కే పెద్ద మగ్గం కాదు. నాలుగు కర్రలు, ఒక తోలు పట్టా, అంతే. ఒక కొస గుంజకి, రెండో కొస అమ్మమ్మ నడుముకి. ఆవిడ వెనక్కి వాలితే పోగులు బిగిసేవి, ముందుకి వంగితే వదులయ్యేవి... పెళ్ళైన కొత్తలో పక్కింటి కరెన్ తెగ ఆవిడ దగ్గర నేర్చుకుందట.

రంగు కూడా ఇంట్లోనే. పనస చెక్క పేళ్ళు డేగిసాలో పొద్దుట్నుంచీ మరిగేవి. పటిక నీళ్ళలో నానిన నూలు అందులో ముంచి తీస్తే... అబ్బ, ఆ పసుపురంగు! ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. అమ్మమ్మ వేళ్ళు ఏడాది పొడుగునా కామెర్లొచ్చినట్టే ఉండేవి.

ఆ శాలువాలు అమ్మేది కాంతమత్త. చుట్టం కాదు, మన తెలుగువాళ్ళే, ఊరివరసన అత్త. ఏటి అవతల లమ్మడాలో ఆవిడకి బట్టల కొట్టు. నోట్లో కిళ్ళీ, బొడ్లో సున్నపు డబ్బీ... ఆ కొట్టు తప్ప మా శాలువాలకి వేరే దారి లేదు.

ఓ రోజు పడవ దాటి, శాలువాల మూటతో అమ్మమ్మా నేనూ వెళ్ళాం. కొట్లో ఎవరో పెద్దావిడ శాలువా చూసి మురిసిపోతూ, నేసిందెవరని అడిగింది.

"నేనేనండీ. సూడండి, నడుం ఇరిగిపోనాది," అంది కాంతమత్త. అక్కడితో ఆగలేదు. అమ్మమ్మ వైపు గడ్డంతో చూపించి, "ఈ ముసల్ది మాకు నూలు సుడతాది," అంది.

అమ్మమ్మ మూట విప్పి, శాలువాలు లెక్కగా పేర్చి, బయటికి వచ్చేసింది. నేను మాత్రం గుమ్మంలో ఉన్న కాంతమత్త చెప్పుల మీద ఉమ్మేసి వచ్చాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడను.

పడవలో ఏడుస్తూ అడిగాను... ఎందుకు ఊరుకున్నావని.

"ఊరుకున్నానని ఎవులు సెప్పినారే గుంటా?" అంది అమ్మమ్మ.

మర్నాడు పసుపు కొమ్ములు దంచింది. చిన్న గిన్నెలో పసుపు నీళ్ళు కాచి, ఒకే ఒక్క చిలప నూలు అందులో ముంచి, నీడలో ఆరేసింది. పనస రంగు నూలు పక్కన పెడితే నాకే తేడా తెలియలేదు. ఆ రోజు నుంచి ప్రతి శాలువాలోనూ అంచు నుంచి మూడో పోగు ఆ పసుపు నీళ్ళలో ముంచిన నూలుది. ఎందుకని అడిగితే, "నా పేరు రాసుకుంటన్నాను," అంది. ఆవిడకి సంతకం పెట్టడం రాదు లెండి.

ఏడాది తిరిగింది. ఆ ఏడాదంతా కాంతమత్తని నవ్వుతూనే పలకరించేది. మా అమ్మమ్మది పాము పగ అని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

చేతినేతని నిలబెట్టినందుకు కాంతమత్తకి సన్మానం పెట్టారు అక్కడి మన తెలుగు పెద్దలు. హాలు నిండిపోయింది. కప్పడానికి తెచ్చింది మా అమ్మమ్మ నేసిన శాలువానే! సొమ్మొకడిది, సోకొకడిది... అప్పుడు లేచింది అమ్మమ్మ, చివరి వరసలోంచి. నా చెయ్యి పట్టుకుని తిన్నగా వేదిక ఎక్కి, ఆ శాలువా అందుకుంది.

"కాంతమ్మా, ఒక్క మాట. ఇందులో ఒక పోగుంది, సున్నం తగిల్తే ఎర్రబడతాది. నేసినదానివి గదా... ఏ పోగో సెప్పు."

"ఏటీ గోల?" అని నవ్వబోయింది కాంతమత్త. ఎవరూ నవ్వలేదు. "చెప్పమ్మా, చెబితే పోయేదేముంది," అన్నారు పెద్దలు. ఆవిడ తడబడుతూ నడిమి పోగు ఒకటి చూపించింది.

"నీ సున్నపు డబ్బీ ఇలాగియ్యి," అంది అమ్మమ్మ.

ఆ పోగుకి తడి సున్నం రాసింది. ఏమీ కాలేదు. తర్వాత అంచు మీద రాసుకుంటూ పోయింది... మూడో పోగు ఒక్కటే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగా తేలింది. పసుపూ సున్నమూ వేసి ఎర్రటి దిష్టి నీళ్ళు కలిపిన చేతులే కదా అన్నీ, ముందు ఆడవాళ్ళకి అర్థమైంది. ముందు వరసలో పెద్దలు అదే కొట్లో కొన్న శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. డబ్బీ చేతులు మారింది. అన్నిట్లోనూ మూడో పోగే!

కాంతమత్త అమ్మమ్మ చెవిలో, "తప్పయిపోనాది," అంది.

"నాకు కాదు... మైకులో సెప్పు."

చెప్పింది, ఏడుస్తూ. నాకు పిసరంత జాలి కూడా వెయ్యలేదు. ఆ రోజు హాల్లో పంచిన లడ్డు అంత తియ్యని లడ్డు నేను మళ్ళీ తినలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఇక్కడే, ఈ గ్రూపులో, కాంతమత్త మనవరాలు ఒక పాత పసుపు శాలువా ఫోటో పెట్టింది. "మా నానమ్మ చేతి నేత" అట. కింద అందరూ దణ్ణాలూ, పువ్వులూ. ఇప్పుడు మా అమ్మమ్మ లేదు, ఆ గుంజకి మగ్గమూ లేదు. ఆ రోజుల్లో గుడ్డ చేతికి తగిలేది, ఎవరిదో తేల్చుకునేవాళ్ళం. ఫోటోకి సున్నం రాస్తే ఏం తేలుతుంది?

మీ ఇళ్ళలోనూ ఎవరి కష్టానికో ఇంకెవరి పేరో పడి ఉంటే, అసలు పేరు ఇక్కడ రాయండి... చదువుతాను.

ఇక నువ్వు, అమ్మాయీ... ఇది చదువుతావని తెలుసు. ఆ శాలువా తీసి, అంచు నుంచి మూడో పోగు మీద కాస్త తడి సున్నం రాసి చూడు. ఎర్రబడితే ఎవరి పేరు చెప్పాలో నీకు తెలుసు. మీ నానమ్మలా మైకులో చెప్పక్కర్లేదు... కింద కామెంట్లో చాలు.