వ్యాసం పెరిగిన కుండ

తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనుషులుంటారు. గీతల మాస్టారు నాలుగోసారి కూడా లాగేవాడు. "మీకు అనుమానం జబ్బు కాదండీ, ఉద్యోగం," అని పెళ్లైన కొత్తల్లోనే భార్య తేల్చేసింది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. యూనివర్సిటీ పురావస్తు శాఖలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పని, తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల బొమ్మలు గీయడం. అరచేయంత అంచు ముక్కని వలయాలు గీసిన కాగితం మీద ఆనించి, దాని వంపు ఏ వలయంతో కలుస్తుందో చూసి, ఆ కుండ మూతి వ్యాసం ఎంతో తేల్చాలి. ఒక్కో పెంకునీ మూడుసార్లు కొలిచేవాడు. కొలత పక్కన తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టేవాడు.

రెండేళ్ల కిందట శాఖలోకి కొత్త లెక్చరరు వచ్చింది, కూడా ఒక స్కానరు తెచ్చింది. అందరూ ఆవిడని కంప్యూటర్ మేడమ్ అనేవాళ్లు. పెంకుని తిరిగే పళ్లెం మీద పెడితే చాలు, అయిదు నిమిషాల్లో దాని రూపం తెర మీదికి వచ్చేది. మాస్టారికి అదే పనికి ఒక పూట పట్టేది. పైపెచ్చు, పాత బొమ్మల కొలతలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఆయనకే పురమాయించారు. పాస్‌వర్డ్ ఇచ్చారు. గుర్తుండదని చీటీ మీద రాసి కీబోర్డు కింద అతికించుకున్నాడు. నాలుగోసారి తాళం లాగే మనిషికి ఆ చీటీ మీద మాత్రం అనుమానం రాలేదు.

ఒక సోమవారం వరండాలో పెద్ద పోస్టరు వెలిసింది. శాఖ పెద్దసారూ, కంప్యూటర్ మేడమూ కలిసి రాసిన వ్యాసం త్వరలో పేరున్న పత్రికలో రాబోతోందట. ఊరంతటి ధాన్యాన్నీ ఒక్కచోట దాచిన పెద్ద గాదె దొరికిందనీ, అందుకు అక్కడ దొరికిన గాగుల, అంటే ధాన్యం పోసే పెద్ద కుండల, వెడల్పాటి మూతులే సాక్ష్యమనీ దాని సారాంశం. పోస్టరు మధ్యలో ఉన్న బొమ్మ మాస్టారు గీసిందే. కింద మూతి వ్యాసం ముప్పై నాలుగు సెంటీమీటర్లని ఉంది.

మాస్టారు అక్కడే ఆగిపోయాడు. ఆ పెంకుని ఆయన చేతులు మరిచిపోలేదు. అది ఇరవై రెండు.

గదిలోకి వచ్చి బీరువాలోంచి అసలు బొమ్మ తీశాడు. ఇరవై రెండు. కంప్యూటర్‌లో చూశాడు. ముప్పై నాలుగు. ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోతే సాయంత్రానికి అలాంటివి పదకొండు తేలాయి. ఒక్కటీ తగ్గలేదు, అన్నీ పెరిగినవే.

"యంత్రం పొరబడిందేమో," అంది భార్య, ఆయన చెప్పిందంతా విని.

"యంత్రం పొరబడితే ఓసారి ఎక్కువ చూపిస్తుంది, ఓసారి తక్కువ చూపిస్తుంది. ఇది మనిషి పని. వ్యాసం నిలబడాలని వ్యాసం పెంచారు."

"ఎవరని మీ అనుమానం?"

"ఇంకెవరు? కంప్యూటర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే."

మర్నాటి నుంచి ఆయన పెంకుల మీద కన్నా మేడమ్ మీదే ఎక్కువ కన్ను వేశాడు. ఆవిడ కూడా అనుమానం వచ్చేట్టుగానే మసిలింది. మాస్టారు గీసిన పెంకుల ట్రేలనే స్టోరులోంచి తెప్పించుకుని, తలుపు వేసుకుని కొలుస్తోంది. ఆయన టీకి వెళ్లొచ్చేసరికి, బల్ల మీది బొమ్మల్ని ఫోన్‌తో ఫొటోలు తీస్తూ కనిపించింది. ఆయన్ని చూసి ఫోన్ చటుక్కున పక్కకి తిప్పింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉందనుకున్నాడు మాస్టారు. ఆ పూటే బొమ్మలన్నీ ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

గురువారం ఆవిడే వచ్చింది.

"మాస్టారూ, ఆ బీరువా తాళం ఒకసారి ఇస్తారా?"

"ఎందుకమ్మా?"

"పాత బొమ్మలు చూడాలి."

"చూడ్డానికా, చించడానికా?"

మేడమ్ ముఖం ఎర్రబడింది. వెనక్కి వెళ్లి తలుపు మూసి, చేతిలోని కాగితాన్ని బల్ల మీద పరిచింది. "ఆ మాట నేను మిమ్మల్ని అడగాలి. కంప్యూటర్‌లో ఏ అంకె ఎవరు, ఎప్పుడు మార్చారో అన్నీ దాఖలవుతాయి. చూడండి."

మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. పదకొండు మార్పులు. పదకొండింటి పక్కనా ఆయన పేరే.

పదకొండూ వేలితో మళ్లీ లెక్కపెట్టి అన్నాడు, "నా గీతని నేనే తప్పని ఎందుకు రాసుకుంటానమ్మా?"

"నాకూ అదే అర్థం కాలేదు. పోస్టరు మీది అంకె చూశాకే నాకూ అనుమానం వచ్చింది. నా స్కాన్లు నా దగ్గర విడిగా ఉన్నాయి. వాటిలో ఇరవై రెండే. ఎవరో మీచేత మార్పించారనుకున్నాను."

ఆయన తేదీలు చూశాడు. వరసగా మూడు రోజులు. ఆ మూడు రోజులూ భార్య కంటి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ మాట చెప్పినా మేడమ్ సరేనని ఊరుకోలేదు. ఆఫీసుకి వెళ్లి హాజరు పుస్తకం తనే తిరగేసి వచ్చింది. మాస్టారు కూడా ఆవిడ స్కాన్ల మాట నమ్మలేదు. పెంకు తెప్పించి ఇద్దరూ కలిసి కొలిచారు. ఒకరు పెంకు పట్టుకుంటే ఇంకొకరు కాగితం పట్టుకున్నారు. రెండూ ఒకరి చేతిలోకి పోనివ్వలేదు. ఇరవై రెండే వచ్చింది.

అప్పుడు కీబోర్డు కింది చీటీ గుర్తొచ్చి మాస్టారు తల పట్టుకున్నాడు. స్టోరు అటెండరుని పిలిచి, ఆ మూడు రోజులూ తన గదిలోకి ఎవరొచ్చారని అడిగాడు.

"పెద్దసారు కూర్చున్నారు కదండీ. తన గదిలో ఏసీ పనిచెయ్యట్లేదన్నారు," అన్నాడు అటెండరు.

ఇద్దరూ కలిసే పెద్దసారు గదికి వెళ్లారు. ఆయన కంగారుపడలేదు. కాగితం చదివి, మడిచి తిరిగిచ్చాడు.

"ముక్క చిన్నదైతే వ్యాసం ఎప్పుడూ అంచనాయే. ముప్పై అయిదేళ్ల అనుభవంతో అంచనాని సరిదిద్దాను. అందులో తప్పేముంది?"

"అంచనా మీదైనప్పుడు నా పేరెందుకు సార్?" అన్నాడు మాస్టారు.

"ఆ కంప్యూటర్ నీ పేరుతోనే తెరిచి ఉందయ్యా."

"మూసి వెళ్లాను సార్. నేను నాలుగుసార్లు చూస్తాను."

పెద్దసారు ఇక ఆయన వైపు చూడకుండా మేడమ్‌తో మాట్లాడాడు. "నీకింకా ఉద్యోగం పర్మనెంటు కాలేదు కదూ?"

ఆ మాటతో ఆవిడ భయపడి వెనక్కి తగ్గుతుందనే అనుకున్నాడు మాస్టారు. ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారేసరికి ఆవిడా పెద్దసారూ ఒకటైపోయి, నేరం తన నెత్తికి చుడతారని భార్యతో చెప్పుకుని వాపోయాడు. కానీ మేడమ్ శుక్రవారం పొద్దున్నే పత్రికకి ఉత్తరం రాసింది. కొలతలు తప్పాయనీ, వ్యాసంలోంచి తన పేరు తీసెయ్యమనీ.

అచ్చు ఆగిపోయింది. కమిటీ వేశారు. అయిదు నెలల తర్వాత "సమాచార నమోదులో లోపం" అని నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకున్నారు. పెద్దసారు వేరే శాఖకి ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్లాడు. మేడమ్ పర్మనెంటు ఉత్తర్వులు ఏడాది ఆలస్యంగా వచ్చాయి. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్‌లో పాత దాఖలా చెరపడం కుదరదట. మాస్టారి పేరు పదకొండు చోట్లా అలాగే ఉండిపోయింది. దాని కింద, ఆ రోజుల్లో ఈయన సెలవులో ఉన్నాడని మేడమ్ ఒక్కో వాక్యం చేర్చింది.

మాస్టారు రిటైరైన రోజు ఇరవై ఎనిమిదేళ్ల పైచిలుకు బొమ్మలన్నీ ఆవిడకే అప్పగించాడు. రెండువేల నూట పద్నాలుగు కాగితాలు. ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చి, ముట్టినట్టు సంతకం చెయ్యమన్నాడు.

"ఇంకా నా మీద అనుమానమేనా మాస్టారూ?"

"కొంచెం ఉందమ్మా," అన్నాడాయన దాచకుండా.

మేడమ్ నవ్వింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, సంతకం చేసే ముందు తనూ మొదటి కాగితం నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. అంతసేపూ మాస్టారు ఆవిడ ఎదురుగానే కూర్చున్నాడు. కదల్లేదు.