ఏ ఓడ ఏమైందో

మా అన్న సముద్రం చూడకముందే యుద్ధనౌకల పిచ్చిలో పడ్డాడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కొచ్చి, పొడుగాటి రిజిస్టరులో పాత ఓడల వివరాలు ఎక్కించేవాడు. పేరు, దేశం, కట్టిన ఏడాది, ఆఖరి గడిలో అది ఏమైందో. మునిగింది, తుక్కుకు అమ్మేశారు, మ్యూజియం చేశారు, పేరు మార్చి ఇంకో దేశానికి ఇచ్చారు. నాంపల్లిలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. అందులో ఒక గది సగం ఆ ఓడలకే పోయింది.

తొంభైల నడుమ, నేను ఇంటర్ చదువుతుండగా, నేవీలో చేరతానని వాడు విశాఖపట్నం వెళ్ళాడు. కంటి పరీక్షలో రంగులు సరిగ్గా పోల్చలేదని తిప్పి పంపారట. పక్కింటి ఫోనుకు చేసి ఆ మాట చెప్పి, సాయంత్రం బండికి బయల్దేరుతున్నానన్నాడు. రాలేదు.

నాయన గౌలిగూడలో మోటారు సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. పని మానుకుని నాంపల్లి స్టేషన్లో వచ్చిన ప్రతి బండికీ ఎదురెళ్ళాడు. పోలీసులను అడిగాడు, దవాఖానలు తిరిగాడు, చివరికి మార్చురీకి కూడా పోయొచ్చాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మొదట్లో చుట్టాలకు చెప్పలేదు. మేము చెప్పకపోయినా వాళ్ళే చెప్పుకున్నారు. పరీక్ష తప్పి పారిపోయాడన్నవాళ్ళు కొందరు, అంతకంటే పాడు మాటలన్నవాళ్ళు కొందరు.

ఏడాది గడిచాక నాయన ఆ రిజిస్టరు తెరిచాడు. వాడు వచ్చేసరికి పని ఆగిపోయి ఉండొద్దన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. చర్చి నుంచి వస్తూనే నన్ను అబిడ్స్ తీసుకుపోయేవాడు. నేను చదివి చెప్పాలి, నేనే రాయాలి. కొడుకు జాడ లేకపోతే ఈయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఓడల లెక్కలు చూస్తున్నాడని నాకు ఒళ్ళు మండేది.

తర్వాత ఒకటి గమనించాను. మునిగిన ఓడల గురించి నాయన రెండో మాట అడగడు. జాడ తెలియదన్న ఓడ వస్తే మాత్రం వదలడు, ఇంకో పుస్తకం వెతికిస్తాడు. ఒకసారి అట్లాంటి ఓడే ఇంకో పుస్తకంలో దొరికింది. వేరే దేశం కొనుక్కుని, పేరు మార్చి, చాలా ఏళ్ళు నడిపిందట. నాయన పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, తనకు రాని ఆ అక్షరాల వైపు చాలాసేపు చూశాడు.

"చూసినవా బిడ్డా, పేరు మార్చుకొని బతికింది గద," అన్నాడు.

ఆ రోజు నుంచి నేనూ అట్లాంటి ఓడల కోసమే వెతికాను. నెత్తిన ఎండ మాడుతుంటే ఒకదాని తర్వాత ఒకటి పేజీలు తిప్పేదాన్ని. నిజం చెప్పాలంటే అది చదవడం కాదు, అడుక్కోవడం.

అమ్మకు ఓడలు అక్కర్లేదు. ఆమెకు ఏడవాలని ఉండేది. బతికున్నోని కోసం ఏడుస్తారా అని నాయన ఏడవనిచ్చేవాడు కాదు. మాలో పోయినవాళ్ళకు ఏటా ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాస్టరు అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తారు, చుట్టాలు నాలుగు మంచి మాటలు చెప్పి, భోంచేసి వెళతారు. అన్నకు కూడా ఒక్కసారి పెడదామని అమ్మ అడిగింది. చచ్చిండని ఎవరు చూసిన్రు అని నాయన ఎగిరాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. అట్లా రెండువేల సంవత్సరం కూడా దాటింది. అమ్మ తిండి తగ్గి చిక్కి శల్యమైంది. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోయింది.

"వాడు లేడని ఎవరన్న చెప్తే బాగుండు బిడ్డా," అంది.

కన్నతల్లే అంది ఆ మాట. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదనిపించింది.

ఆ వచ్చే ఆదివారం కొన్న పుస్తకంలో ఒక ఓడ ఉంది. రేవు వదిలాక మళ్ళీ ఎవరికీ కనబడలేదు. చాలాకాలం వెతికి, చూసి చూసి, అందులోని వాళ్ళందరితో సహా పోయిందని నేవీ వాళ్ళు ప్రకటించారు. చదవకుండా దాటేయొచ్చు. ఇంటికొచ్చి, అమ్మ వంటింట్లో ఉండగా, నాయనకు చదివి వినిపించాను.

"ఏమన్న దొరికిందా?" అన్నాడు.

"ఏం దొరకలే."

"మరి పోయిందని ఎట్ల రాసిన్రు?"

"ఇంట్లోళ్ళు ఏడవాలె గద నాయనా."

ఆయన నన్ను కొడతాడేమో అనుకున్నాను. లేచి వంటింటి గుమ్మం దాకా పోయి, అయ్యగారిని పిలువుమని అమ్మతో చెప్పాడు. ఎన్నాళ్ళకో ఆయన ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.

కూడిక రోజు అమ్మ ఏడ్చిన ఏడుపుకు వచ్చినవాళ్ళు బెదిరిపోయారు. నేనూ ఏడ్చాను. గుండె తేలికైంది, తేలికైనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నాయన ప్రార్థనలో కూర్చోలేదు. కుర్చీలు వేశాడు, అందరికీ నీళ్ళందించాడు, విస్తళ్ళు ఎత్తాడు. చుట్టాలంతా వెళ్ళిపోయాక అమ్మనూ నన్నూ దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు.

"వాడొస్తే గిట్ల చేసినమని చెప్పకుండ్రి."