అత్తకు చెప్పని మూడో దారి

ఏళ్లుగా గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. నవ్వుతూనే మోస్తున్నాను, అదే నా సిగ్గు. మీరెవరో తెలియదు కాబట్టి మీతో చెప్పడం సులువు.

మా మేనత్తది గూడూరు పక్క పల్లె. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పొగ ఎరగని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. మా వైపు వాళ్లకు పెద్ద జబ్బంటే మద్రాసే. ఆవిడకు అరవం ఒక్క ముక్క రాదు. అక్కడే చింతాద్రిపేటలో కాపురమున్న నేనే తోడు, నేనే దుబాసి. డాక్టరు గది బయటే చెప్పింది: "నయంగాదంటే నన్ను ఇంటికి తోలుకుపో మే. మీ మామ మాదిరి ఆస్పత్రుల ఎంట తిరగలేను." సరేనన్నాను.

లోపల డాక్టరు తమిళంలో నిదానంగా చెప్పాడు. జబ్బు ఎముకలదాకా పాకింది, పూర్తిగా పోదు. జన్యు పరీక్ష ఫలితం అనుకూలంగా వచ్చింది గనక రోజూ ఒక మాత్రతో అదుపులో పెట్టి చూడొచ్చు, అదీ కొన్నాళ్లకు పనిచేయకుండా పోవచ్చు. లేదంటే కీమో. ఏదీ వద్దనుకుంటే నొప్పి, ఆయాసం తగ్గించే మందులతో ఇంట్లోనే ఉండొచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆవిడనే అడగండి, అన్నాడు.

నేను అడగలేదు.

"మాత్ర ఉందంట అత్తా. ఏసుకుంటే పోతుందంట."

"ఏందిమే, ఆయన అంతసేపు జెప్తే నువ్వు రెండు ముక్కల్లో తేల్చేస్తివే?"

"అరవం అట్నే సాగుతుందిలే అత్తా."

పకపకా నవ్వింది. ఆవిడ ఒప్పుకుందనుకుని, పాపం, డాక్టరూ నవ్వాడు.

మాత్ర పనిచేసింది! మొహమంతా పొక్కులొచ్చాయి, విరేచనాలు వేధించాయి. కానీ గడ్డలు కరిగాయి. అత్త నా దగ్గరే ఉండిపోయింది. రాయపురంలో చేపలమ్మే ఆవిడతో చేతిసైగలతోనే బేరమాడి గెలుస్తుంది. నా కూతురి పెళ్లి ఊరేగింపులో మేళం ముందు చిందులేసింది, ఎంత చెప్పినా ఆగితేనా! వచ్చిన వాళ్లందరికీ "నాకు నయమైపాయ" అని చెబుతుంటే నేను వంటింట్లోకి జారుకుంటాను.

ఎందుకు చేశాను? ఆవిడ కోసమా? కాదు. ఆవిడ లేకుండా ఉండలేక, ఆవిడ ప్రాణం మీద ఆవిడకున్న హక్కును నేను లాక్కున్నాను. మాత్ర వికటించి ఉంటే? వద్దు వద్దన్న చోటే ఆవిడ ఆఖరి రోజులు గడిచేవి.

ఇప్పుడు ముందుగదిలో పక్కింటావిడతో గవ్వలాడుతూ తొండి చేస్తోంది. ఆ గోల వింటుంటే నాకు పశ్చాత్తాపం రావాలి కదా? రావడం లేదు. సంతోషం పొంగుకొస్తోంది. మళ్లీ ఆ డాక్టరు ముందు కూర్చోబెడితే మళ్లీ అదే అబద్ధం చెబుతానేమో.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేకపోయింది ఈ మాటే. చెప్పేశాను.