ఎడమకు తిరిగే బాణం

వాషింగ్టన్ దగ్గర షాంటిలీలో మా తెలుగు చర్చికి వచ్చే పెద్దవాళ్ళలో ఒక డాక్టర్ గారు ఉన్నారు. మత్తు డాక్టర్‌గా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. చూపు తగ్గి డ్రైవింగ్ మానేశాక, ఒక ఆదివారం ఆరాధన అయిపోయి అందరం కాఫీ తాగుతుండగా నా దగ్గరికి వచ్చి, "అమ్మా, శనివారం పొద్దున నువ్వు ఇండియన్ గ్రోసరీకి వెళ్తావుగా, నన్ను కూడా తీసుకెళ్ళు" అన్నారు. వంకాయల కోసమేమో అనుకున్నాను. తీరా శనివారం ఆయన ఇంటి ముందు కారు ఆపితే, చంకలో దాదాపు నా ఎత్తున్న అట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు.

అట్ట మీద పై వరుసలో ఎర్రటి పెద్ద అక్షరాలతో ‘స్టాప్’ అని, కింది వరుసలో ‘ద వార్స్’ అని రాసి ఉంది. ఏ దేశం పేరూ లేదు. ఎందుకని అడిగాను.

"మొదట్లో రాసేవాణ్ణమ్మా. మన గవర్నమెంట్ దేశం మార్చినప్పుడల్లా కొత్త అట్ట చేయాల్సి వచ్చేది."

గ్రోసరీ ముందున్న కూడలిలో ఆయన ఆరేళ్ళుగా ప్రతి శనివారం రెండు గంటలు నిలబడుతున్నారట. వాషింగ్టన్ ముప్పై మైళ్ళు కూడా లేదు, అక్కడే నిలబడవచ్చు కదా అన్నాను. "అక్కడ అందరూ నిలబడేవాళ్ళే, చూసేవాళ్ళెవరు? కరివేపాకు కావాలంటే ప్రతి తెలుగువాడూ ఇక్కడికి రావాల్సిందే" అన్నారు.

మొదటి రెండు వారాలు నేను కారులోనే కూర్చున్నాను. మా ఆయన పనిచేసే కంపెనీ సైన్యానికి సాఫ్ట్‌వేర్ రాస్తుంది. సంగతి చెప్తే, "పెద్దాయన్ని డ్రాప్ చేయి, కాదనను. నీ మొహం మాత్రం ఎక్కడా కనపడకూడదు" అన్నాడు. మూడో వారం గాలి ఎక్కువగా ఉంది. అట్టతో పాటు డాక్టర్ గారు కూడా రోడ్డు మీదికి కొట్టుకుపోతారేమోనని దిగి వెళ్ళి, అట్ట పట్టుకుని దాని వెనక నిలబడ్డాను. నా మొహం కనపడలేదు. అది నాకు బాగా కుదిరింది.

ఆ కూడలిలో ఎడమవైపు తిరిగే కార్లకు వేరే సిగ్నల్ లేదు. ఎదురుగా వచ్చే కార్ల మధ్య సందు చూసుకుని దూరాలి. దాంతో వెనకవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. డాక్టర్ గారు ప్రతి హారన్‌కీ చేయి ఊపి నవ్వేవారు.

"చూశావా, సపోర్ట్ పెరుగుతోంది."

"డాక్టర్ గారూ, అది ముందు కారు కదలట్లేదని."

"అన్నీ అవే కావులే" అనేవారు.

ఒక శనివారం టీవీ వాళ్ళ వ్యాను వచ్చి ఆగింది. ముందురోజు అక్కడ రెండు కార్లు గుద్దుకున్నాయని, దాని కోసం వచ్చారని మాకు తెలియదు. డాక్టర్ గారు మాత్రం ఆరేళ్ళకు తన కోసం వచ్చారన్నట్టు స్వెటర్ సర్దుకున్నారు. మైకు పట్టుకున్న అమ్మాయి మర్యాదగా అడిగింది, ఇక్కడ జరిగే యాక్సిడెంట్ల గురించి మీరేమంటారని.

ఆయన తన మనసులో ఉన్నదానికే జవాబు చెప్పారు. "ఇవి యాక్సిడెంట్లు కావు. పైన కూర్చున్నవాళ్ళు తెలిసి తీసుకున్న నిర్ణయాలు. మనుషులు చచ్చిపోతున్నారు. ఎన్ని లెటర్లు రాసినా ఎవరూ పట్టించుకోరు."

ఆ తర్వాత ఆయుధాల కంపెనీలు, సెనేటర్లు, అదే రిటైర్డ్ జనరల్స్‌ని రోజూ కూర్చోబెట్టే న్యూస్ ఛానళ్ళు, అన్నిటి గురించీ పావుగంట మాట్లాడారు. ఆ అమ్మాయి మధ్యలో రెండుసార్లు వాచీ చూసుకుంది.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లో అందరం కూర్చుని వార్తలు చూశాం. ఆయన భార్య, మా అందరికీ ఆంటీ, పకోడీలు వేసింది. ప్రమాదకరమైన కూడలి అని కథనం మొదలైంది. డాక్టర్ గారి మొహం వచ్చింది. యాక్సిడెంట్లు కావన్నది, తెలిసి తీసుకున్న నిర్ణయాలన్నది, లెటర్లకు జవాబు లేదన్నది, అన్నీ వచ్చాయి. వెనక అట్ట పై సగమే కనపడింది. ‘స్టాప్’ అనే పెద్ద ఎర్ర అక్షరాల కింద ‘ద వార్స్’ గానీ, నా చెప్పులు గానీ లేవు. ట్రాఫిక్ కోసం పోరాడుతున్న రిటైర్డ్ డాక్టర్ అని చెప్పి వాతావరణ వార్తల్లోకి వెళ్ళిపోయారు.

డాక్టర్ గారు టీవీ ఆపేశారు. మా వైపు తిరిగి అన్నారు. "నేను అబద్ధం చెప్పలేదు. వాళ్ళు ఒక్క మాట మార్చలేదు. మరి ఇదెలా జరిగింది?"

"మీరు ట్రాఫిక్ గురించి కూడా బాగా చెప్పారండీ" అంది ఆంటీ.

మా ఆయన మేనేజర్ సోమవారం అతన్ని పిలిచి, ఆ అట్ట వెనక ఉన్నది నీ భార్యటగా, గుడ్ వర్క్ అని చెయ్యి కలిపాడు. నా మొహం కనపడకపోయినా, శనివారాలు ఆయన్ని తీసుకెళ్ళేది నేనేనని తెలిసిన చర్చి వాట్సాప్ గ్రూపు నుంచి సంగతి ఆఫీసు దాకా పాకింది. మా ఆయన ఇంటికొచ్చి, "ట్రాఫిక్ అయితే పర్లేదు" అన్నాడు.

నాలుగు నెలల్లో ఆ కూడలికి ఎడమ బాణం లైటు వచ్చింది. కౌంటీ వాళ్ళు, అంటే ఇక్కడి జిల్లా ప్రభుత్వం వాళ్ళు, చిన్న సభ పెట్టి డాక్టర్ గారిని మాట్లాడమని పిలిచారు. ఆయన రానన్నారు. "యాభై ఏళ్ళుగా యుద్ధాల మీద లెటర్లు రాస్తున్నాను. జవాబులన్నీ ఒకేలా టైప్ చేసినవి. అడగని లైటు మాత్రం ఇచ్చారు." ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినిపించి, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సభలో మైకు మీ చేతిలో ఉంటుంది డాక్టర్ గారూ. కట్ చేయడానికి ఎడిటింగ్ ఉండదు" అన్నాను. ఆయన స్వెటర్ ఎక్కడుందని ఆంటీని అడిగారు.

సభకు టీవీ వాళ్ళతో సహా నలభై మంది వచ్చారు. కౌంటీ నాయకుడు నవ్వుతూ మైకు అందించాడు. డాక్టర్ గారు లైటుకు థాంక్స్ చెప్పారు. తర్వాత, ఈ దేశానికి వచ్చిన కొత్తలో తను పనిచేసిన సైనికుల ఆసుపత్రి గురించి చెప్పారు. వియత్నాం నుంచి మోకాలి కింద కాలు లేకుండా వచ్చిన ఒకతను, రోజూ పొద్దున ఆ లేని పాదం దురద పెడుతోంది, గోకమని అడిగేవాడట. "నేను దుప్పటి మీద గోకేవాణ్ణి. అతను థాంక్స్ చెప్పేవాడు. అతన్ని పంపినవాళ్ళెవరూ ఆ వార్డుకి రాలేదు. ఇప్పుడు కూడా పంపుతూనే ఉన్నారు."

నాయకుడి నవ్వు అలాగే అతుక్కుపోయి ఉంది. అతని అసిస్టెంట్ సౌండ్ చూసే ముసలాయన వైపు తిరిగి, మైకు ఆపమని మెడ మీద చేయి అడ్డంగా ఆడించాడు. ముసలాయనకు అర్థమైంది, నేను చూశాను. అయినా మెడకేమైంది అని పెద్దగా అడిగాడు. ఆ అసిస్టెంట్ సిగ్గుపడి చేయి దించేశాడు. డాక్టర్ గారు ఇంకో ఆరు నిమిషాలు మాట్లాడారు.

టీవీలో అందులో ఒక్క ముక్క కూడా రాలేదు. బాణం లైటు మాత్రం పచ్చగా వెలిగింది.

తర్వాతి శనివారం సౌండ్ ముసలాయన వచ్చాడు. ఒకప్పుడు సైన్యంలో చేశానని మాత్రం చెప్పాడు, ఎక్కడో చెప్పలేదు. కారు డిక్కీ లోంచి మడత కుర్చీ తీసి డాక్టర్ గారి వెనక వేశాడు. ఆరేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదని, ఐదు నిమిషాలకంటే ఎక్కువ కూర్చోనని డాక్టర్ గారు గట్టిగా చెప్పి కూర్చున్నారు. పదిన్నరకల్లా గురక పెడుతున్నారు. నేనూ ఆ ముసలాయనా అట్టకు చెరోవైపు పట్టుకుని, ఆయన లేచేదాకా నిలబడ్డాం.