పొలంలోకి దిగిన లారీ

షుగరు జబ్బు ముదిరాక ట్రయాన్ లారీ లైసెన్సు పోయింది. ఇన్సులిన్ పడ్డాక ఒక్కోసారి ఒంట్లో చక్కెర దిగిపోయి, కూర్చున్నచోటే స్పృహ తప్పేవాడు. భార్య పోయింది. మా కింది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటూ లోపల గడియ పెట్టుకునేవాడు.

"గడియ తీసి ఉంచన్నా. పడిపోతే ఎవరికి తెలుస్తుంది?" అని నా భార్య ఔరికా మెట్ల మీద కనబడినప్పుడల్లా పోరేది.

"పడితే లేస్తానమ్మా. నన్నేమైనా ఊయల్లో వేశారా?"

రోడ్డు పోయాక అతను కంప్యూటర్‌లో లారీల ఆట పట్టాడు. నన్నూ అందులోకి దింపాడు. ఇద్దరం పిసినారులమే కనుక సగం సగం వేసుకుని ఒకే ఖాతా మీద కొన్నాం. పొద్దున అతను, సాయంత్రం నేను.

మా పెద్ద కంప్యూటర్ హాల్లో టీవీ పక్కన ఉంటుంది. నా ఇంజన్ మోతకు ఔరికా సీరియల్ వినబడదు. అందుకని ఆ కంప్యూటర్‌లో నడిచే ఆటను పడగ్గదిలోని ల్యాప్‌టాప్ మీదికి తెచ్చుకుందామని ఒక శనివారం పొద్దున కూర్చున్నాను. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు. ఫైర్‌వాల్ సడలించాను. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. చివరికి వైఫై వదిలేసి, మా మెట్ల మీది ఫ్లాట్లన్నిటికీ ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్న రోజుల్లో గోడకు బిగించిన సాకెట్లో తీగ గుచ్చాను.

వెంటనే ఒక కంప్యూటర్ కనిపించింది. నొక్కాను. తెర మీద లారీ పరుగెడుతోంది.

"వచ్చేసింది!" అని అరిచాను.

"పండగ చేసుకో," అంది ఔరికా వంటింట్లోంచి.

కాని నేనింకా ఆట మొదలుపెట్టనేలేదు. నా లారీ నీలం, ఇది ఎరుపు. హాల్లోకి వెళ్లి చూస్తే పెద్ద తెర నల్లగా ఉంది.

"ఏయ్, ఎవరో నడుపుతున్నారే!"

"దెయ్యమేమో. లైసెన్సుందా అని అడుగు."

ఎర్ర లారీ ట్రయాన్‌ది. పాత తీగ ఇంకా కింది ఫ్లాటుతో కలిసే ఉంది. ఖాతా ఒకటే కనుక అతని ఆట నా దగ్గరికొచ్చింది. నవ్వుకుంటూ కూర్చున్నాను.

రోడ్డు ఎడమకు తిరిగింది. లారీ తిరగలేదు. కంచె విరిచి, గోధుమ పొలంలోకి దిగి, చెట్టును గుద్దుకుంది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఇంజన్ అరుస్తోంది. బ్రేకు పడుతుందని చూశాను. పడలేదు.

"ఔరికా, తేనె పట్టుకురా!"

కింద తలుపు బాదాను. లోపల అదే ఇంజన్ అరుపు. ఎదురింటి పెట్రూ, నేనూ కలిసి భుజాలతో గుద్దితే గడియ ఊడింది. ట్రయాన్ తల కీబోర్డు మీద వాలి ఉంది. ముఖమంతా చెమట. మేం అతన్ని పక్కకు వాల్చి పట్టుకుంటే, ఔరికా తేనె వేలికి రాసుకుని చిగుళ్లకు పులిమింది. పెట్రూ అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

అంబులెన్సు రాకముందే కళ్లు తెరిచాడు. మమ్మల్నీ, ఊడిన తలుపునూ చూశాడు.

"నా తలుపేం చేశార్రా?"

"నీ లారీ పొలంలో పడిందన్నా. పైన నా తెరలో కనబడింది."

అతని చూపు పైకప్పు మీదికి పోయి అక్కడే ఆగింది.

"అయితే సోమవారం కూడా చూశావా?"

"లేదే. సోమవారం ఏమైంది?"

అతని వేళ్లు నుదుటి మీద మానుతున్న పాత దెబ్బను తడిమాయి. తేనె అంటిన వేలు అతని నోటి దగ్గరే ఉంచి, ఔరికా నా ముఖంలోకి చూసింది.