వెనకవైపు మెరుపు

మా ఓనర్ అంకుల్ పోయిన సంగతి నాకు బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "ఈ రోజు మోటర్ వేసేవాళ్ళు లేరు, అందరూ నీళ్ళు జాగ్రత్తగా వాడుకోండి. ఓనర్ గారు పొద్దున గుండెపోటుతో పోయారు." ముందు నీళ్ళు, తర్వాత ఆయన. కింద మొదటి జవాబు మూడో అంతస్తు నుంచి: "మరి ట్యాంకర్‌కి చెప్పారా?" రెండోది దండం పెడుతున్న చేతుల బొమ్మ. ఆయనకు చదివి వినిపిస్తే పగలబడి నవ్వేవాడు. రోజూ మోటర్ వేసేది ఆయనే. ఆ స్విచ్ ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. అలా రాస్తే ఆయనే ఒప్పుకోడు. మా ఇద్దరి మధ్య జరిగింది ఒకటుంది, అది దాచి ఈ నాలుగు మాటలు రాయలేను.

మధురానగర్‌లో ఆయన ఇంటి రెండో అంతస్తులో మేం అద్దెకుంటాం. గుడివాడ నుంచి వచ్చి పదకొండేళ్ళు. ఆయన సనత్‌నగర్‌లో నీళ్ళ పంపులు చేసే ఫ్యాక్టరీలో పెయింటరు. ముప్ఫై ఏళ్ళు పంపుల మీద పేర్లూ నంబర్లూ కుంచెతో రాశాడు. రిటైరయ్యాక కింది గదిలో కూర్చుని ప్లాస్టిక్ షీట్లు కోసి, అతికించి, జానెడు లారీలూ బస్సులూ చేసేవాడు. నంబరు ప్లేటు దగ్గర్నుంచి అద్దం తుడిచే పుల్ల దాకా అన్నీ కొలత ప్రకారం.

నేను బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోర్సులు మారుస్తూ తిరుగుతున్నాను. ఒకరోజు మెట్ల మీద నాన్నతో అన్నాడు: "ఏం సారు, మీ బిడ్డ మూడు కోర్సులు సగం సగం సదివిందంట గదా. కలిపితే ఒకటిన్నర అయితది, ఫికర్ జేయకు." నాన్న నవ్వలేక నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. గట్టిగా నాలుగు అడుగుదామని కిందికి వెళ్ళాను. బల్ల మీద చిన్న లారీ ఉంది. దాని వెనక తలుపు మీద వంకర పోయిన అక్షరాలు. షుగర్ వల్ల ఆయనకు చూపు తగ్గుతోందని అప్పుడే తెలిసింది. నోటికొచ్చిన తిట్టు మింగేసి, "ఇవి కంప్యూటర్లో చేసి ప్రింట్ తీసిస్తాను" అన్నాను.

"మిషిను అక్షరానికి పానముంటదా?" అన్నాడు. మర్నాడే ప్రింటరు తెప్పించాడు.

డెకాల్ పేపరు గురించి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అది ఒకవైపు జిగురు మీద పలచటి పొర ఉన్న కాగితం. ఆ పొర మీద అక్షరాలు ప్రింట్ తీసి, ఒక రోజు ఆరనిచ్చి, స్ప్రే డబ్బాతో మూడు పూతలు వార్నిష్ కొట్టాలి. తర్వాత కత్తిరించి గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే పొర కాగితాన్ని వదిలి, అక్షరాలతో సహా బండి మీదికి జారుతుంది. వార్నిష్ లేకపోతే ఇంటి ప్రింటరు సిరా నీళ్ళలో కరిగిపోతుంది. అంతే. ఇంత చిన్న పనికి ఆయన నాలుగు నెలలు నన్ను ఏడిపించాడు. టిఫిన్ డబ్బా మూతలో నీళ్ళు, అద్దడానికి పాత బనీను ముక్క, పక్కన సగం విరిచిన బ్లేడు. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు. అక్షరాల మీద వేలు నడిపి చూసి, బ్లేడుతో గీకేసేవాడు. నేను వారం కూర్చుని చేసిన రూటు బోర్డు వెంట్రుకవాసి పక్కకు జరిగిందని నా కళ్ళ ముందే గీకేసి, టీ అందుకున్నాడు.

"బాధయితుందా ఇంజనీరమ్మా? మంచిగయింది."

ఏడుస్తూ పైకి వెళ్ళి, మర్నాడు మళ్ళీ దిగేదాన్ని. ఒక పనిని మధ్యలో వదిలేయాలనిపించకపోవడం నాకు అదే మొదటిసారి. అది ఆయన పెట్టిన భిక్షే.

ఆ ధైర్యంతోనే కృష్ణానగర్‌లో సినిమాలకు చిన్న బొమ్మ సెట్లు చేసే వర్క్‌షాపులో ఉద్యోగం అడిగాను. "సోమవారం వచ్చి మా ముందు ఒక బండికి అక్షరాలు అంటించు, చూద్దాం" అన్నారు. నాన్న ఒకటే అన్నారు. "ఇది రాలేదనుకో, పంజాగుట్టలో ఆ కస్టమర్ కేర్ ఉద్యోగంలో చేరతావ్. ఇంకేం వేషాలు వద్దు." సరేనన్నాను.

ఆదివారం అంకుల్ గదిలోనే ఎర్ర అక్షరాల షీటుకు వార్నిష్ కొట్టాను. గంటకొక పూత చొప్పున మూడు. డబ్బా సుయ్యిమని మోగింది. ఆయన కుర్చీలో కూర్చుని వింటూ ఉన్నాడు. వెళ్ళేటప్పుడు తను చేసిన తెల్ల బస్సొకటి చేతిలో పెట్టి, "పోయి రా బిడ్డా" అన్నాడు.

సోమవారం ముగ్గురి ముందు అక్షరాలు ముంచగానే గిన్నె ఎర్రబడింది. కంగారులో అలాగే తీసి బస్సు మీద పెట్టాను. కిటికీల మీదుగా ఎర్ర నీళ్ళు కారాయి.

"ఏందమ్మా, ప్యాసింజర్లు ఎవరన్న బతికిన్రా?" అన్నాడొకాయన. మిగతా ఇద్దరూ బల్ల కొట్టి నవ్వారు.

బస్సు పట్టుకుని తిన్నగా అంకుల్ దగ్గరికి వచ్చాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"డబ్బల వార్నిష్ శనివారమే అయిపాయె. నువ్వు కొట్టింది ఒట్టి గాలి."

"మీకు తెలుసా?"

"ఎర్కే."

"మరి చెప్పలేదేంటి అంకుల్?"

"చెప్తే మర్సిపోతవ్. చప్పుడు నమ్మినవ్. షీటు ఎలుగుకు వంచి మెరుస్తుందా లేదా సూస్కున్నవా? ఇగ సచ్చేదాంక సూస్కుంటవ్."

నిజమే, ఇప్పటికీ చూసుకుంటాను. కానీ ఆ పాఠానికి ఆయనకు ఆ సోమవారం తప్ప వేరే రోజే దొరకలేదా అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. వర్క్‌షాపువాళ్ళు మళ్ళీ పిలవలేదు. పంజాగుట్టలో హెడ్‌సెట్ పెట్టుకుని, ఎవరిదో పాడైన ఫ్రిజ్ గురించి రోజంతా క్షమాపణలు చెప్పే పనిలో చేరాను. తొమ్మిది నెలలు ఆయన గది ముందు నుంచే తల తిప్పకుండా వెళ్ళాను. "ఇంజనీరమ్మ పోతుంది, జర దారియ్యిండ్రి" అని లోపలి నుంచి వినిపించేది. దారిలో ఎవరూ ఉండేవారు కాదు.

పోయిన నెల ఆంటీ పైకి వచ్చింది. "అమ్మా, మీ అంకుల్ పిలుస్తుండు. కండ్లు బిల్కుల్ కనవడుతలేవు. నిన్ను తప్ప ఎవ్వర్ని అడగడంట."

వెళ్ళాను. ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు చేశాడు. చూపు లేని చేతులతో చేసినా ఒక్క అంచు వంకర లేదు. ఆదివారం పంజాగుట్టలో ఫంక్షన్ హాల్లో పాత వర్కర్లంతా కలుస్తున్నారట. వాళ్ళ ముందు దానికి అక్షరాలు అంటించి వాళ్ళకే ఇస్తాడట. అక్షరాలు నేను ఎప్పుడో చేసి పెట్టినవే. ఆంటీ చేత ప్రింట్ తీయించి, వార్నిష్ తనే తడుముకుంటూ కొట్టాడు.

"ముప్పై ఏండ్లు పంపుల మీద వాళ్ళ పేరు రాసిన. ఒక్కదాని మీద నా పేరు లేదు. గిప్పుడు కింద చిన్నగ మీ ఆంటీతోని ఏయించిన, సూశినవా?"

చూశాను. ఫ్యాక్టరీ పేరు కింద ఆయన పేరు, ఆవగింజంత అక్షరాల్లో.

"జర ఎలుగుకు వంచి చూడు. మెరుస్తుందా?"

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వంచాను. మెరిసింది, వెనకవైపు. ఉత్త కాగితం వైపు అద్దంలా ఉంది. అక్షరాల వైపు సుద్దముక్కలా పొడిగా ఉంది. మూడు పూతలూ తిరగేసి కొట్టాడు. అది నీళ్ళలో పడితే ఏమవుతుందో నాకన్నా తెలిసినవాళ్ళు హైదరాబాదులో ఉండరు.

"మెరుస్తోంది అంకుల్" అన్నాను. అబద్ధం కూడా కాదు.

ఆ ఆదివారం నేనే ఆటోలో తీసుకెళ్ళాను. ఇరవై మంది ముసలివాళ్ళు ఆయన చుట్టూ మూగారు. మూతలో నీళ్ళు పోయించుకుని, ముంచి, వేళ్ళతో కొలుచుకుంటూ బస్సు పక్కకు జరిపాడు. ఎర్రగా కారడం అందరూ చూశారు. ఎవరూ కదల్లేదు.

"ఎట్లున్నది?" అన్నాడు.

"మస్తుగున్నదన్నా" అన్నాడో ముసలి ఫిట్టరు. "మస్తుగున్నది, మస్తుగున్నది" అన్నారు మిగతావాళ్ళు. చప్పట్లు కొట్టారు. ఆయన మొహం వెలిగింది. అప్పుడే బొటనవేలూ చూపుడువేలూ రాసుకున్నాడు. ఆగాడు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నవ్వు మాత్రం చెదరనివ్వలేదు. చప్పట్లు ఆగేదాకా అలాగే నిలబెట్టుకున్నాడు. "దీన్ని ఇంకింత సాపు జేసి పంపిస్త" అని బస్సు వెనక్కి తీసుకున్నాడు.

ఆటోలో అడిగాడు.

"నీకు ఎర్కేనా?"

"తెలుసు అంకుల్."

సిగ్నల్ పడి, మళ్ళీ వదిలాక వేళ్ళు చొక్కాకు తుడుచుకున్నాడు.

"నేర్సుకున్నవ్" అన్నాడు.

ఆ గొంతులో కోపం కోసం వెతికాను. దొరికితే నాకు సులువయ్యేది. ఇల్లు దగ్గర పడ్డాక మెల్లగా, "నా పేరు సుత పోయిందా?" అన్నాడు.

"పోయింది."

రెండు వారాలకు ఆయన కూడా పోయాడు. షుగరు, బీపీ, వయసు. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరేమీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకుంటున్నాను.

కర్మ అయిన మర్నాడు అవే అక్షరాలు కొత్తగా ప్రింట్ తీశాను. సరైన వైపు మూడు పూతలు కొట్టి, కిటికీ దగ్గర రెండుసార్లు వంచి చూసి, కిందికి తీసుకెళ్ళాను. ఆయన ఫొటో ముందు బస్సు ఉంది. తెల్లగా, ఒక్క అక్షరం లేకుండా.

"మురికి మురికిగ ఉండె, తడిబట్టతోని తుడిచిన" అంది ఆంటీ. "దీన్ని ఇగ ఎవ్వర్నీ ముట్టనియ్య. ఆయన చేతితోని ఏసిన ఆఖరి రంగు." నా చేతిలో కాగితం చూసి, "గదేందమ్మా?" అంది.

"ఏం లేదాంటీ."

బట్ట అందని చోట, కిటికీల మూలల్లో, సన్నటి గీతలా గులాబీ రంగు మిగిలింది. ఆంటీ నన్ను దగ్గరికి లాగింది. "సూడు, కండ్లు కనవడకున్నా గీ గీత ఎంత సక్కగ తీసిండో" అంటూ ఒక్కో కిటికీనీ చిటికెనవేలితో చూపించడం మొదలుపెట్టింది. బస్సుకు మొత్తం పద్నాలుగు కిటికీలు.